పులికాట్ గట్టున నాలుగు శీతాకాలాలు: 22 వేల స్పాటింగ్ స్కోప్‌తో నా అనుభవం

నాలుగేళ్ల కిందట 22 వేలు పెట్టి 20-60×80 స్పాటింగ్ స్కోప్ ఒకటి కొన్నాను. అంటే ట్రైపాడ్ మీద పెట్టి దూరపు వాటిని చూసే దుర్భిణి; 20 నుంచి 60 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, ముందు అద్దం వ్యాసం 80 మి.మీ. అప్పటి నుంచి ప్రతి శీతాకాలం, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పక్కన నిలబడి పులికాట్ పక్షులను దాంతోనే చూస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో నేను కన్ను పెట్టి చూసిన నాలుగైదు స్కోపుల తీరు దాదాపు ఒకటే.

కొనే ముందు నేను చదివిన సమీక్షలు చాలావరకు అమెరికా వేటగాళ్లవి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. పరికరం మాత్రం అదే కాబట్టి వాళ్ల మాటలే చదివాను. వాళ్లు తెల్లవారుజామున చల్లటి పొడి గాలిలో, ఎదుటి కొండ మీది జింక కొమ్ములకు ఎన్ని కొనలున్నాయో లెక్కపెడతారు. వీపున మోస్తూ కొండలెక్కాలి గనుక బరువు తక్కువుండే, ముందు అద్దం 65 మి.మీ. ఉన్న వాటిని మెచ్చుకుంటారు. చూపు పడిన చోటికి వెంటనే గురి కుదరాలి గనుక తిన్నని గొట్టం కావాలంటారు. మాకు కారు దిగితే నీళ్లే, మోత లేదు. అందుకని 80 మి.మీ. తీసుకున్నాను, తిన్నని గొట్టం వద్దని, కన్ను పెట్టే చోట 45 డిగ్రీల వంపున్నది ఎంచుకున్నాను. నా వెంట వచ్చే మేనకోడలికి తొమ్మిదేళ్లు. వంపు స్కోపయితే ట్రైపాడ్‌ను కిందికి దించి పెట్టుకుంటాం, తను నిలబడి చూస్తుంది, నేను వంగి చూస్తాను. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా సాగదీయనక్కర్లేదు కాబట్టి గాలికి ఊగడమూ తక్కువ.

ఇక డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కనబడే 60 రెట్లు. దాన్ని చూసి మాత్రం కొనకండి. ముందు అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి అందే వెలుగు వలయం ఎంతో తెలుస్తుంది. 20 రెట్ల దగ్గర అది 4 మి.మీ., 60 దగ్గర 1.3 మి.మీ. మాత్రమే. బొమ్మ చీకటవుతుంది, అంచులు మెత్తబడతాయి. మా దగ్గర అంతకన్నా పెద్ద అడ్డంకి గాలి. ఎండెక్కేకొద్దీ లోతులేని నీళ్ల మీద, ఎండిన ఉప్పునేల మీద గాలి వేడెక్కి అలలలా కదులుతుంది. అప్పుడు రెట్లు పెంచితే పక్షితో పాటు ఆ వణుకూ పెద్దదవుతుంది. తొమ్మిది దాటాక నేను 30 దాటించను. ఒక స్నేహితుడు నా దానికి నాలుగింతల ఖరీదైన ఈడీ గ్లాస్ (రంగుల అంచులు తగ్గించే ప్రత్యేక గాజు) స్కోపు తెచ్చాడు. ఉదయం ఏడు గంటలప్పుడు రెండు స్కోపులకూ పోలికే లేదు. నా దాంట్లో తెల్ల కొంగ చుట్టూ ఊదారంగు అంచు కనబడితే, అతని దాంట్లో ఈకలు విడివిడిగా కనబడ్డాయి. పది గంటలకు రెండింట్లోనూ అదే వణుకు.

అలాగని నా స్కోపును చిన్నబుచ్చను. పులికాట్‌లో పెద్ద ఫ్లెమింగోల గుంపులో అరుదుగా చిన్న ఫ్లెమింగో కలిసి ఉంటుంది. పెద్దదాని ముక్కు లేత గులాబీ, కొన మాత్రమే నలుపు. చిన్నదానికి ముక్కంతా ముదురు రంగే. బైనాక్యులర్స్‌లో అన్నీ గులాబీ చుక్కలే. ఒక జనవరి ఉదయం సూర్యుడు వీపు వెనక ఉండగా 40 రెట్లలో ఆ ముదురు ముక్కు స్పష్టంగా దొరికింది. మేనకోడలు నాకంటే ముందు పట్టుకుంది. ఆ పూట ఇద్దరం టిఫిన్ సంగతే మరిచిపోయాం. దగ్గర్లోని నేలపట్టు పక్షుల అభయారణ్యంలో మాత్రం స్కోపు అవసరం తక్కువ. గూడబాతుల గూళ్లు దగ్గరే, బైనాక్యులర్స్ చాలు. పిల్లలు తల్లి సంచిలోకి తలదూర్చి తినడం పెద్దగా చూడాలంటే 20 రెట్లు పెట్టండి.

నేను నిజంగా నష్టపోయింది ట్రైపాడ్ దగ్గర. స్కోపుతో పాటు తేలికపాటి ఫొటో ట్రైపాడ్ ఒకటి చవగ్గా కొన్నాను. స్కోపు మీది రింగు ముట్టుకుంటే చాలు, బొమ్మ రెండు సెకన్లు ఊగేది. రెండో ఏడాది గాలికి మొత్తం పడిపోయింది. అద్దం పగల్లేదు గానీ ముందు అంచు సొట్టపోయింది. తర్వాత వీడియో హెడ్ (నెమ్మదిగా, కుదుపు లేకుండా తిరిగే తల) ఉన్న బరువైన ట్రైపాడ్ 9 వేలకు తెచ్చాను. అదే రోజు స్కోపు కొత్తదిలా కనిపించింది. మొదటే 15 వేల స్కోపు, 9 వేల ట్రైపాడ్ కొని ఉంటే ఇంతకన్నా బాగా చూసేవాణ్ణి.

ఉప్పు గాలి తగిలాక స్కోపును తుడవకుండా ఉంచకండి. ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊదాలి, తర్వాతే గుడ్డ. ఇంట్లో మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెడుతున్నాను. మన తేమకు అద్దాల మీద బూజు పడితే వదిలించడం కష్టం. లోపల నైట్రోజన్ నింపి సీలు చేసిన స్కోపయితే లోపలి అద్దాలకు భయం తగ్గుతుంది. కళ్లజోడు వాళ్లు కొనే ముందు తప్పకుండా జోడుతోనే చూడాలి. చాలా చవక ఐపీసుల్లో (కన్ను పెట్టి చూసే అద్దాల్లో) జోడుతో దృశ్యం సగమే కనబడుతుంది.

దుకాణంలో గోడ మీది బోర్డు చూసి సంతృప్తి పడొద్దు. బయటికి తెచ్చి, ఆకాశానికి అడ్డంగా ఉన్న కరెంటు తీగను చూడండి. తీగ చుట్టూ రంగుల అంచు ఎంతుందో, 40 రెట్ల దగ్గర గీతలా నిలుస్తుందో లేదో తెలిసిపోతుంది.

ఈ ఏడాది నా జూమ్ రింగు బిగుసుకుపోయింది, 25 దగ్గరే ఆగింది. బాగు చేయిస్తే మూడు వేలన్నారు. డిసెంబరు నుంచి అలాగే వాడుతున్నాను, ఇంకా బాగుకు ఇవ్వలేదు.