భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష: వరద క్లెయిమ్ తిరస్కరణ వరకూ వాడి చూశాక

విజయవాడ సింగ్‌నగర్‌లో నాది కాగితం, నోటు పుస్తకాల హోల్‌సేల్ దుకాణం. ఈ బీమా పాలసీ 2021 ఏప్రిల్‌లో వచ్చినప్పటి నుంచీ ఏటా రెన్యూవల్ చేయిస్తున్నాను. ఒకే చోట ఉన్న ఆస్తుల విలువ 5 కోట్ల రూపాయలు దాటని వ్యాపారాలకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తెచ్చిన ప్రామాణిక పాలసీ ఇది. అగ్ని ప్రమాదంతో పాటు తుపాను, వరద ముంపు కూడా ఇందులోనే ఉన్నాయి. సరుకు అసలు విలువ కంటే బీమా మొత్తం 15 శాతం వరకు తక్కువగా ఉన్నా పరిహారంలో కోత పెట్టరు. నిల్వలు నెలనెలా మారే మాలాంటివారికి అది పెద్ద ఊరట.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా మీద పడింది. నీళ్లు తీశాక షట్టరు ఎత్తి చూస్తే, కింది వరుసల్లోని కాగితం రీములు ఉబ్బి ఇనుప ర్యాకులనే వంచేశాయి. ఎంత లాగినా ఒక్క కట్టా ఊడి రాలేదు. నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ వచ్చి ఫొటోలు తీసుకున్నారు, గోడ మీద నీటి మరక ఎత్తు కొలిచారు. తర్వాత కంపెనీ నుంచి తిరస్కరణ లేఖ వచ్చింది. సరుకు పరిమాణానికి తగిన ఆధారాలు లేవన్నారు. లెక్కల కంప్యూటరు, బిల్లు పుస్తకాలు అదే నీటిలో మునిగిన సంగతి వారికి తెలుసు.

చాలామంది ఇక్కడే వదిలేస్తారు. అలా వదిలేసిన తోటి వ్యాపారులను చూస్తే నాకు కడుపు మండింది.

ఏ షరతు కింద తిరస్కరించారో చెప్పాలనీ, సర్వే నివేదిక నకలు ఇవ్వాలనీ రాతపూర్వకంగా అడిగాను. ఆ నివేదిక చేతికొచ్చాకే దారి కనబడింది. సరుకు తడిసిందన్న విషయంలో సర్వేయర్‌కు సందేహమే లేదు, పేచీ అంతా ఎంత సరుకన్నదే. కాబట్టి దుకాణం బయట భద్రంగా ఉన్న లెక్కలు వెతికాం. జీఎస్టీ పోర్టల్‌లో మా కొనుగోళ్లను చూపే 2బీ పట్టికలో వాటి విలువ దొరికింది. అందులో రీముల లెక్క ఉండదు, దానికి సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లులు, మిల్లుల నుంచి తెప్పించిన ఇన్వాయిస్ నకళ్లు పనికొచ్చాయి. క్యాష్ క్రెడిట్ (సీసీ) రుణం కోసం బ్యాంకుకు ఇస్తూ వచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్లు అన్నింటికన్నా బలంగా నిలిచాయి. వీటన్నిటితో ఆడిటర్ గారు వరద ముందు రోజు నిల్వ ఎంతో తేల్చి ఇచ్చారు.

కంపెనీ ఫిర్యాదుల విభాగం మళ్లీ అదే జవాబు పంపింది. దాంతో బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించాను. సొంత పేరుతో నడిపే దుకాణాలు, సూక్ష్మ సంస్థలు అక్కడికి వెళ్లవచ్చు. పరిహారం పరిమితి 50 లక్షలు. రుసుము లేదు, లాయర్లను అనుమతించరు. ముందు కంపెనీకి రాసి నెల ఆగాలి, తిరస్కరణ అందిన ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి. అదే వివాదం కోర్టులో గానీ వినియోగదారుల కమిషన్‌లో గానీ ఉంటే తీసుకోరు. విచారణలో నా మాట పూర్తిగా విన్నారు. పనికొచ్చే తుక్కు విలువ తీసేసి మిగతాది చెల్లించాలని తీర్పు వచ్చింది. ఆ తీర్పుకు కంపెనీ కట్టుబడి తీరాలి. పరిహారం బ్యాంకుకే చెల్లించాలన్న షరతు పాలసీలో ఉంది కాబట్టి డబ్బు నేరుగా సీసీ ఖాతాలో జమైంది.

నా మార్కులు: పాలసీకి 5కి 4, క్లెయిమ్ విభాగానికి 1, అంబుడ్స్‌మన్‌కు 5. ఈసారీ ఇదే పాలసీ తీసుకున్నాను, కంపెనీ మాత్రం మార్చాను.