తిప్పుడు నక్షత్ర పటంతో పిల్లలకు ఓరియన్ పరిచయం

ఒక్క నక్షత్రమండలాన్నైనా మా ఎనిమిదేళ్ల అమ్మాయి తనంతట తాను గుర్తుపట్టాలన్న కోరికతో, ప్లానిస్ఫియర్ అని పిలిచే తిప్పుడు నక్షత్ర పటాన్ని కొన్నాను. ఒకదానిపై ఒకటి తిరిగే రెండు బిళ్లలు, అంచున తేదీలు, గంటలు, నడుమ కోడిగుడ్డు ఆకారంలో ఒక కిటికీ, ఇంతే దాని నిర్మాణం. ఆనాటి తేదీని అప్పటి గంటకు ఎదురుగా తెచ్చి నిలిపితే, ఆ సమయంలో ఆకాశంలో ఉన్న నక్షత్రాలు మాత్రమే కిటికీలో కనిపిస్తాయి. ఏ అక్షాంశం కోసం తయారైందో చూసి కొనడం తప్పనిసరి.

మొదటి రాత్రే, "నాన్నా, ఇందులో తూర్పు పడమరలు తారుమారయ్యాయి" అని అమ్మాయి పట్టేసింది. పటాన్ని తలపైకి ఎత్తి కిందినుంచి చూడమన్నాను, దిక్కులు సరిపోయాయి. నేల పటాన్ని పైనుంచి, ఆకాశ పటాన్ని కిందినుంచి చూడాలన్న సంగతి నేను ఎంత వివరించినా అంత తేలిగ్గా బోధపడేది కాదు.

తొలి పాఠానికి, వేటగాడి ఆకారంలో ఊహించుకునే ఓరియన్ నక్షత్రమండలం కంటే తగినది లేదని నా నమ్మకం. జనవరి, ఫిబ్రవరి నెలల్లో సాయంత్రం చీకటి పడగానే కనిపిస్తుంది. నడుము దగ్గరి మూడు నక్షత్రాలు ఒకే వరుసలో ఎంత దగ్గరగా ఉంటాయంటే, చేయి చాచి రెండు వేళ్లు అడ్డం పెడితే మూడూ మరుగవుతాయి. అమ్మాయి ఆ పని పదేపదే చేసింది. ఆ వరుసనే ఒకవైపు పొడిగిస్తే సిరియస్ నక్షత్రం దగ్గరికి, రెండోవైపు పొడిగిస్తే రోహిణి నక్షత్రం దగ్గరికి చూపు వెళుతుంది.

పటంలో నాకు నచ్చనిది ముద్రణ. ఓరియన్‌లోని నక్షత్రాల్లో ఆర్ద్ర ఎర్రగా, రైజెల్ నీలితెలుపుగా ఉంటాయని పిల్లలు కంటితోనే పోల్చుకోగలరు, కానీ ఇందులో చుక్కలన్నీ ఒకే తెలుపు. అంతకంటే పెద్ద లోపం, చుక్కలను కలిపే గీతలను చుక్కలకంటే ప్రస్ఫుటంగా అచ్చువేయడం; పాపం, మా అమ్మాయి చాలాసేపు ఆకాశంలో గీతల కోసమే వెతికింది. ఆ గీతలు మనుషులు ఊహించుకున్నవేనని, రైజెల్ సుమారు 860 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే అదే బొమ్మలోని బెల్లాట్రిక్స్ సుమారు 250 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉందని చెప్పాల్సి వచ్చింది. నునుపైన ప్లాస్టిక్ మీద టార్చి వెలుగు మెరిసి కళ్లకు కొడుతుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టాక ఆ ఇబ్బంది తగ్గింది, చీకటికి అలవాటుపడిన చూపూ చెదరలేదు.

ఇన్ని లోపాలున్నా దీన్ని కొనమనే చెబుతాను. నెల తిరిగాక, ఓరియన్ అదే చోటికి రెండు గంటలు ముందుగానే చేరిందని గమనించిన అమ్మాయి, నన్ను అడగకుండా బిళ్లను తిప్పి తేదీతో సరిచూసుకుంది.