ఆర్‌సీ కారు అడుగుకు ఏ పొర నిలిచింది? విశాఖ ఇసుకలో వాడి చూశాక

రిమోట్ కారు అడుగున గీతలు పడితే ఏమవుతుందని చాలామంది అడుగుతుంటారు. గీతల వల్ల ఏమీ కాదు. అడుగు ఎవరికీ కనబడదు, కారు వేగమూ తగ్గదు. అసలు దెబ్బ తగిలేది స్క్రూ తలలకు. 1/8 స్కేలు (అసలు కారులో ఎనిమిదో వంతు సైజు) బగ్గీల్లో, అంటే మట్టి నేల మీద తోలే కార్లలో, ఛాసిస్ (అడుగు చట్రం) సాధారణంగా 3 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం పలక. డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల) పెట్టెలు, మోటారు మౌంటు, సస్పెన్షన్ బ్రాకెట్లు అన్నీ దానికి కింది నుంచి బిగించినవే. కారు ఎగిరి దిగిన ప్రతిసారీ నేల ఆ తలలను రాస్తుంది. తల అరిగే కొద్దీ అలెన్ కీ పట్టే గుంట లోతు తగ్గిపోతుంది. డిఫరెన్షియల్‌లో నూనె మార్చుదామని కూర్చుంటే కీ గిర్రున తిరుగుతుంది, స్క్రూ మాత్రం కదలదు. ఇక డ్రిల్లుతో తల తొలిచేయడమే గతి. అందుకే అడుగుకు ఒక రక్షణ పొర అంటిస్తాం. ఏ పొరనైనా నేను ఒకే లెక్కన చూస్తాను: ఆ గుంటలు ఎంతకాలం కీకి అందుతాయి?

విశాఖలో ఈ అరుగుదల ఎక్కువే. దానికి మన కొండలు కూడా కారణం. కైలాసగిరి, సింహాచలం కొండల్లో ఉన్నది ఖొండలైట్ రాయి. అందులో గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్‌జ్ ఉంటాయి. అలాంటి రాళ్లు అరిగి అరిగి తీరానికి చేరతాయి. భీమిలి దారిలో అల వెనక్కి తగ్గాక ఇసుక మీద నల్లటి, ముదురు ఎరుపు చారలు మీరూ చూసే ఉంటారు. ఆ నలుపు ఎక్కువగా ఇల్మెనైట్, ఎరుపు గార్నెట్. కాఠిన్యం కొలిచే మోస్ స్కేలు మీద గార్నెట్ 6.5 నుంచి 7.5 దాకా ఉంటుంది. గరుకు కాగితం తయారీకి, నీటి ధారతో లోహాన్ని కోసే యంత్రాలకు వాడేది దీన్నే. అల్యూమినియం దాని దరిదాపుల్లోకి రాదు. పైనున్న ఆనోడైజింగ్ పూత గట్టిదే, కానీ మరీ పల్చన. అది ఒక్కచోట చీలిందంటే కింద మెత్తని లోహమే. (ఎర్రమట్టి దిబ్బల మీద కార్లు తోలేవాళ్లకు ఒక మాట: అది రక్షిత భూవారసత్వ స్థలం. మధురవాడ వైపు ఖాళీ లేఅవుట్లు ఎన్ని లేవు?)

నా దగ్గర అల్యూమినియం ఛాసిస్ ఉన్న బగ్గీ ఒకటి, టామియా కంపెనీ వాళ్ల ప్లాస్టిక్ ఛాసిస్ కారు టీటీ-02 ఒకటి. కింద రాసిందంతా ముఖ్యంగా బగ్గీ గురించి.

ముందుగా వాడింది మోడల్‌కు తగ్గట్టు కోసి అమ్మే వినైల్ స్టిక్కర్. బొమ్మలూ రంగులూ బాగుంటాయి, అంటించడం తేలిక. సిమెంటు నేల మీద ఫర్వాలేదు. కానీ బగ్గీ ఛాసిస్ ముందు భాగం పైకి వంగి ఉంటుంది, ఆ వంపు దగ్గర ముందుగా చిరుగుతుంది. మే నెలలో కారు డిక్కీలో వదిలేస్తే అంచుల వెంట జిగురు జారి బయటికి వస్తుంది, దానికి ఇసుక అంటుకుంటుంది. చూపుకే తప్ప పనికి కాదు.

తర్వాత ఆటోనగర్‌లో పల్చని స్టెయిన్‌లెస్ స్టీలు రేకు కోయించి బిగించాను. ఇది అరగదు, నిజమే. రాళ్ల నేల మీద దీన్ని మించింది లేదు, చప్పుడు మాత్రం వీధంతా వినబడుతుంది. బరువు పెరగడం వల్ల కారు దూకినప్పుడు వెనక భాగం బరువుగా దిగుతుంది. వాన రోజుల తర్వాత రేకు విప్పి చూస్తే అసలు సంగతి బయటపడింది. రేకుకూ ఛాసిస్‌కూ మధ్య సన్నని ఇసుక చేరి, స్క్రూ రంధ్రాల చుట్టూ వలయాలుగా అల్యూమినియాన్ని గీకేసింది. ఆ వలయాల అంచున తెల్లటి పొడి కూడా ఉంది. ఉప్పుతేమ తగిలిన చోట స్టీలూ అల్యూమినియమూ ఆనుకుని ఉంటే తినేసేది అల్యూమినియాన్నే. ఊరు హైదరాబాదైతే దీనికి మంచి మార్కులే ఇచ్చేవాణ్ని, సముద్రం పక్కన ఇవ్వలేను.

నూనె డబ్బా ప్లాస్టిక్ కత్తిరించి రెండు వైపులా జిగురున్న టేపుతో అంటించడం కూడా చేశాను. నేల మీద హాయిగా జారుతుంది, ఖర్చు లేదు. అయితే పాలిథిన్ జాతి ప్లాస్టిక్‌కు ఏ జిగురూ గట్టిగా పట్టదు. ఒక తడి సాయంత్రం చాలు, ముక్క ఎక్కడో గడ్డిలో ఉంటుంది.

చివరికి నిలిచింది పెద్ద కార్ల రంగు కాపాడడానికి అంటించే పీపీఎఫ్. ఇది టీపీయూ అనే సాగే పాలియురేథేన్ పొర, మందం మామూలుగా 150 నుంచి 200 మైక్రాన్లు. కార్ల అలంకరణ దుకాణాల్లో పని అయ్యాక చాలా ముక్కలు మిగిలిపోతాయి. అలాంటి ఒక దుకాణంలో ముక్క అడిగితే, "ఏ కారుకు సార్?" అన్నాడు దుకాణదారు. అరచేయి చాచి పొడవు చూపించాను. నవ్వి, చిత్తుబుట్టలోంచి ఒక చుట్ట తీసి ఇచ్చాడు. ఇసుక రేణువు వినైల్‌ను కోస్తే, దీన్ని నొక్కి పక్కకు జారిపోతుంది. సన్నగీతలు వేడి తగిలితే చాలావరకు మాసిపోతాయి కూడా.

అంటించే తీరు మీదే సగం ఫలితం ఆధారపడుతుంది. ముందుగా ప్రతి గుంటలో గట్టిపడిన మట్టిని సూదితో తీసి, అడుగంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. గుంటల్లో కొద్దిగా మైనం నింపితే పొర అక్కడ లోపలికి కుంగదు. తర్వాత రెండు చుక్కల షాంపూ కలిపిన నీళ్లు చల్లి, పొర పరిచి, మధ్య నుంచి అంచులకు నీటిని తోసేయాలి. ఒక రాత్రి ఆరనివ్వాలి. మూలలు గుండ్రంగా కోయాలి, పదునైన మూలే ముందు లేస్తుంది. అంచును ఛాసిస్ పక్కకు మడవకుండా రెండు మిల్లీమీటర్లు లోపలికే ఆపేయాలి.

అన్నిటికన్నా ముఖ్యం: ఒకే పెద్ద ముక్క వద్దు. ముందు వంపుకు ఒకటి, మధ్య భాగానికి ఒకటి, వెనక అంచుకు ఒకటి. నాకు వెనక ముక్కే ముందు అరుగుతుంది, దాన్నొక్కదాన్నే మారుస్తాను. తరచూ విప్పే డిఫరెన్షియల్ స్క్రూల దగ్గర తోలు పంచ్‌తో రంధ్రాలు చేస్తాను, మిగతావి కప్పేస్తాను. రంధ్రం అంచున మట్టి దూరుతుంది నిజమే, కానీ నూనె మార్చిన ప్రతిసారీ పొరను పీకడం కన్నా అదే నయం.

లోపాలు లేకపోలేదు. టీటీ-02 తొట్టి ఆకారపు ప్లాస్టిక్ ఛాసిస్ మీద ఇది అల్యూమినియం మీద అంటినంత బాగా అంటలేదు. తీసేటప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, నేలబారుగా మెల్లగా లాగాలి. మిగిలిన జిగురుకు నీలగిరి తైలం చాలు. అసిటోన్ వాడితే ఒక్క చుక్కైనా పైనున్న పాలీకార్బొనేట్ బాడీ మీద పడనివ్వొద్దు, అది తెల్లబడి పగుళ్లు పడుతుంది.

తీరంలో తోలిన రోజు ఏ పొర ఉన్నా మంచినీళ్లతో తుడిచి, అంచులు వేలితో తడిమి చూడండి. ఎక్కడైనా లేచి లోపల ఇసుక చేరితే ఆ ముక్కను వెంటనే పీకేయాలి. మళ్లీ నొక్కి అంటిస్తే లోపలి ఇసుక ఛాసిస్‌ను గీకుతూనే ఉంటుంది. కొత్త ముక్క కోయడానికి ఛాసిస్ అడుగు ఆకారాన్ని స్క్రూ రంధ్రాలతో సహా ముందే ఒక కాగితం మీద గీసి పెట్టుకుంటే పని పావుగంటలో అయిపోతుంది.