పడవా, మేడమీద గదా? విక్టోరియన్ కవితల్లో ఏ పారిపోవడం మేలు?

విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషు కవి టెన్నిసన్ రాసిన ‘లేడీ ఆఫ్ షాలట్’ మొదటిసారి చదివినప్పుడు నా కళ్ళన్నీ ఆ పడవ మీదే. బురుజులో ఒంటరిగా ఒకామె, కామెలాట్ (ఆర్థర్ రాజు నగరం) వైపు నేరుగా చూస్తే శాపం తగులుతుందని లోకాన్ని అద్దంలోనే చూస్తూ, చూసింది మగ్గం మీద నేస్తూ ఉంటుంది. ఆర్థర్ రాజు వీరుడు లాన్స్‌లాట్ పాట చెవిన పడగానే లేచి మూడడుగులు వేసి కిటికీలోంచి చూస్తుంది, అంతే, అద్దం పగిలిపోతుంది, శాపం తగులుతుంది. పడవెక్కి పాడుకుంటూ పోయి కామెలాట్ చేరేలోపే ప్రాణం వదిలేస్తుంది. అందరూ దీన్ని సమాజం నుంచి పారిపోవడం అంటారు గానీ, నిజానికి ఆమె పారిపోయింది సమాజంలోకే కదా!

ఈ కవిత రెండు రూపాల్లో ఉంది. 1832లో వచ్చినదాని చివర ఆమె గుండెల మీద ఒక పత్రం ఉంటుంది. దగ్గరికి రండి, భయపడకండి, ఇది నేనే అని అందులో ఆమే చెప్పుకుంటుంది, అది చదివి కామెలాట్‌లోని తిని కూర్చున్న మేధావులు బుర్ర గోక్కుంటారు. 1842లో టెన్నిసన్ తిరగరాసినప్పుడు ఆ పత్రం మాయమైంది. దాని బదులు లాన్స్‌లాట్ వచ్చి, ముఖం చక్కగా ఉంది, దేవుడు కరుణించుగాక అంటాడు. రెండోదే గొప్పగా ఉందంటారు, లయ విషయంలో నేనూ ఒప్పుకుంటాను, కానీ చచ్చిపోయాక అయినా దొరికిన ఒక్క మాటా ఆమె నోట్లోంచి లాగేసుకున్నట్టుంది నాకు. తమాషా ఏమిటంటే ఆ 1842 పుస్తకంలోనే ‘యులిసీస్’ కూడా ఉంది. అందులో ముసలి రాజు భార్యనీ రాజ్యాన్నీ వదిలేసి మళ్ళీ సముద్రం మీదికి పోతానంటాడు, ఏ శాపమూ తగలదు.

టెన్నిసన్‌దే, 1847 నాటి ‘ద ప్రిన్సెస్’ గురించి ఎక్కువ చెప్పను. రాకుమారి ఐడా ఆడవాళ్ళకే ఒక విశ్వవిద్యాలయం పెడుతుంది, మగాడు అడుగుపెడితే మరణశిక్ష. ఆలోచన అదిరింది, లండన్‌లో ఆడవాళ్ళ చదువు కోసం క్వీన్స్ కాలేజీ మొదలైంది కూడా ఆ మరుసటి ఏడాదే. కానీ ఆడవేషంలో దూరిన రాకుమారుడు యుద్ధంలో గాయపడతాడు, కాలేజీ కాస్తా ఆసుపత్రి అవుతుంది, ఐడా అతనికి సేవ చేస్తూ మెత్తబడిపోతుంది.

ఇక ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ ‘అరోరా లీ’. 1856 చివర్లో వచ్చింది, 9 భాగాలు, దాదాపు 11 వేల పంక్తులు. సాగదీత ఉంది, దాచను. కానీ ఇక్కడ పారిపోవడానికి లెక్కాడొక్కా ఉంది. కవయిత్రి కావాలనుకునే అరోరాతో ఆమె ఇరవయ్యో పుట్టినరోజున బావ రోమ్నీ పెళ్ళి చేసుకుందామంటూనే ఆడవాళ్ళు గొప్ప కవులు కాలేరని ఉపన్యాసం మొదలుపెడతాడు. అరోరా కుదరదంటుంది. తనకి అత్త ఆస్తిగా చేరేలా అతను చాటుగా ఏర్పాటు చేసిన 30 వేల పౌండ్ల కాగితాన్ని కూడా చింపేస్తుంది. లండన్‌లో మూడంతస్తుల మెట్లెక్కితే వచ్చే గదిలో ఉంటూ పత్రికలకు రాసి బతుకుతుంది, మిగిలిన టైంలో తన కవిత్వం. పెళ్ళయిన ఆడది సంపాదించింది చట్టప్రకారం భర్తదే అయిన రోజులవి, 1870 దాకా అది మారలేదు. రోమ్నీకి సరే అని ఉంటే ఆ రాతల డబ్బు కూడా అతనిదే అయ్యేది. రాసినావిడకూ ఇలాంటివి కొత్త కాదు, 1846లో, 40 ఏళ్ళ వయసులో, తండ్రికి తెలియకుండా కవి రాబర్ట్ బ్రౌనింగ్‌ని పెళ్ళాడి ఇటలీ వెళ్ళిపోయింది, ఆ తండ్రి చివరిదాకా క్షమించలేదు.

కాబట్టి కవితగా నా ఓటు షాలట్‌కే, తప్పించుకునే దారిగా మాత్రం అరోరాకే. అయితే ముగింపులో రోమ్నీకి చూపు పోతే తప్ప ఇద్దరూ సమానం కాలేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అసలు ఆ కావ్యంలో నిజంగా బయటపడింది మేరియన్ అనే పేదపిల్లేమో అనిపిస్తుంది. అత్యాచారానికి గురై బిడ్డను కన్న ఆమెను రోమ్నీ పెళ్ళాడతానంటే, నాకు నా బిడ్డ చాలు అని వద్దంటుంది. అది తొమ్మిదో భాగంలో ఉంది. అన్నీ చదివే ఓపిక లేకపోతే పెళ్ళి గొడవ ఉన్న రెండోది, లండన్ గది ఉన్న మూడోది చదివి, నేరుగా అక్కడికి వెళ్ళిపోండి.