రాయల్టీ కంపెనీలో ఎవరి చేతిలో షేర్లుంటే మనకు మేలు?

పోయిన నెల బెంగళూరు నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. అమెరికా షేర్లు కొనే యాప్‌లో ఏదో చమురు రాయల్టీ కంపెనీ చూశాడంట. డివిడెండ్ బాగుంది, అప్పు లేదు, అన్నీ నచ్చాయి, కానీ కింద ఒకచోట ఇన్‌సైడర్లు (కంపెనీ డైరెక్టర్లు, పెద్ద అధికారులు, పెద్ద వాటాదారులు) ఇంత శాతం, ఇన్‌స్టిట్యూషన్లు (ఫండ్ల లాంటి సంస్థలు) అంత శాతం అని రెండు అంకెలు కనిపించేసరికి ఆగిపోయాడు. "అన్నా, ఈ రెండింట్లో ఎవరిది ఎక్కువుంటే మంచిది?" అన్నాడు. అరగంట చెప్పినా నాకే తృప్తిగా అనిపించలేదు, అందుకే ఇక్కడ కూర్చుని నిదానంగా రాస్తున్నా.

ముందు నా మాట చెప్పేస్తా. ఒకటే ఎంచుకోమంటే నేను ఇన్‌సైడర్ల వైపే, కానీ సొంత డబ్బు పెట్టి మార్కెట్లో మనలాగే కొన్నవాళ్లయితేనే. ఆ షరతు తీసేస్తే నా జవాబు మారిపోతుంది.

రాయల్టీ అంటే ఏంటో మన అనంతపురం వాళ్లకు పెద్దగా వివరించక్కర్లేదు. తాడిపత్రి దగ్గర మా మామ తన నాలుగెకరాలు బండల గనికి ఇచ్చాడు. తవ్వేది, మిషన్లు పెట్టేది, కూలీలకిచ్చేది, ప్రభుత్వానికి సీనరేజి కట్టేది అంతా లీజుకు తీసుకున్నవాళ్లే, మామకు మాత్రం ట్రాక్టర్‌కు ఇంతని వస్తుంది. అమెరికాలో ఇదే లెక్క చమురుకు నడుస్తుంది, ఎందుకంటే అక్కడ చాలాచోట్ల భూమి కింద ఉన్న చమురు కూడా ప్రైవేటు ఆస్తే. పైన పొలం ఒకరిది, కింద ఖనిజ హక్కు ఇంకొకరిది అయ్యుండొచ్చు. ఆ హక్కున్నవాళ్లు బావి తవ్వే కంపెనీకి లీజుకిచ్చి, వచ్చిన చమురులో ఎనిమిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా, తవ్వే ఖర్చులో పైసా పెట్టకుండా తీసుకుంటారు. మన దగ్గర ఆ పద్ధతి లేదు. కృష్ణా గోదావరి వైపు పొలంలో ఓఎన్‌జీసీ బావి పడితే రైతుకు భూమికి పరిహారం వస్తుంది తప్ప బ్యారెల్‌లో వాటా రాదు, నేల మీద తీసే చమురు రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి పోతుంది. అందుకే ఇలాంటి కంపెనీ కొనాలంటే మనవాళ్లు ఎక్కువగా అమెరికా మార్కెట్టే చూడాలి.

ఇప్పుడు మామ దగ్గర జరిగింది చెప్తా, నా అభిప్రాయం అక్కడే మొదలైంది. ట్రాక్టర్లు లెక్కపెట్టడానికి ఊళ్లో పిల్లోడిని నెల జీతానికి పెట్టారు. వాడి లెక్కలో రోజుకు ఏడో ఎనిమిదో ట్రిప్పులు. ఒకసారి వాడికి జ్వరమొస్తే మా అత్తే వేపచెట్టు కింద గోనెసంచి పరుచుకుని, స్కూలు నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాలుగు నిలువు గీతలు, వాటిమీద అడ్డంగా ఒకటి, మళ్లీ నాలుగు. సాయంత్రానికి పన్నెండు తేలాయి. ఆ పిల్లోడు దొంగేం కాదు, గనివాళ్ల మనిషీ కాదు. మధ్యాహ్నం టీకి పోతాడు, ఎండకు కాసేపు పక్కకు జరుగుతాడు, ట్రాక్టర్ పోయినా పోకపోయినా వాడి జీతం వాడికొస్తుంది, అంతే. ఆ నోటుబుక్కు ఇప్పటికీ అత్త బియ్యం డబ్బా పక్కనే ఉంటుంది, నేను చేతిలో పట్టుకుని చూశాను, ఒక్క రోజు కూడా ఖాళీ లేదు.

అమెరికా రాయల్టీ ట్రస్టులు చాలావరకు ఆ పిల్లోడి పద్ధతిలోనే నడుస్తాయి. సబైన్ రాయల్టీ ట్రస్టు 1982 చివర్లో మొదలైంది, దానికున్న యూనిట్లు (షేర్ల లాంటివే) 1,45,79,345, అప్పటినుంచీ అంతే. ఉద్యోగులు లేరు, సీఈఓ లేడు, ఒక ట్రస్టీ సంస్థ ఫీజు తీసుకుని వచ్చిన డబ్బు నెలనెలా పంచుతుంది. ఇన్‌సైడర్ల వాటా చూస్తే దాదాపు సున్నా. ఇది చెడ్డదని నేననను, నిజానికి ట్రస్టీ చేతులు కట్టేసి ఉంటాయి కాబట్టి మన డబ్బుతో పిచ్చి కొనుగోళ్లు చేసే భయం లేదు. కొత్త ఆస్తులు కొనడానికి వీల్లేదు, వచ్చింది పంచడమే. కానీ లెక్కలో తేడా వస్తే అడిగేవాడెవరు? ఖర్చులు తీసేశాకే వాటా వచ్చే పర్మియన్ బేసిన్ రాయల్టీ ట్రస్టులో బావులు నడిపే కంపెనీ ఖర్చుల పేరుతో ఎక్కువ కోసుకుందని 2024లో ట్రస్టీ కోర్టుకెళ్లాల్సి వచ్చింది. అదే ట్రస్టులో సాఫ్ట్‌వెస్ట్ అనే ఫండు, సొంతంగా యూనిట్లు పోగేసుకున్నది, ట్రస్టీ మీద గట్టిగా ఒత్తిడి పెట్టింది. సొంత డబ్బున్నవాడు కదా, మా అత్తలాగా వచ్చి చెట్టు కింద కూర్చుంటాడు.

ఇక అసలు కథ టెక్సాస్ పసిఫిక్ ల్యాండ్ ది. దీని గురించి ఎంత చదివినా నాకు తనివి తీరదు. టెక్సాస్ అండ్ పసిఫిక్ రైల్వే దివాలా తీస్తే, బాండ్లున్నవాళ్లకు న్యాయం చేయడానికి 1888లో దాదాపు 35 లక్షల ఎకరాలు ఒక ట్రస్టు చేతిలో పెట్టారు. అమ్ముకుంటూ పోగా ఇప్పటికి 8.8 లక్షల ఎకరాలు మిగిలింది, అది ఎక్కువగా పశ్చిమ టెక్సాస్‌లోనే, పర్మియన్ అనే చమురు ప్రాంతంలో. ముగ్గురు ట్రస్టీలు, జీవితాంతం పదవి, వాళ్ల సొంత షేర్లు చూస్తే చాలా కొద్ది. 2019లో ఒక ట్రస్టీ ఆరోగ్యం బాగాలేక తప్పుకున్నప్పుడు, ఏళ్లుగా షేర్లు పోగేసిన హొరైజన్ కైనెటిక్స్ అనే పెట్టుబడి సంస్థ, సాఫ్ట్‌వెస్ట్ కలిసి మా మనిషిని పెట్టండని నిలబడ్డాయి. మిగిలిన ట్రస్టీలు ఒప్పుకోలేదు, వ్యవహారం కోర్టు దాకా వెళ్లి చివరికి రాజీ కుదిరింది, 2021 జనవరిలో ట్రస్టు మామూలు కార్పొరేషన్‌గా మారింది, హొరైజన్ అధినేత ముర్రే స్టాల్ డైరెక్టరయ్యాడు. ఆయన డైరెక్టర్‌గా ఉన్నప్పుడు హొరైజన్ దాదాపు రోజూ ఒకటీ రెండూ షేర్లు కొంటూ పోయేది, ప్రతిదానికీ ఫారం 4 (ఇన్‌సైడర్లు కొన్నా అమ్మినా దాఖలు చేసే కాగితం) పడేది. మన ఊళ్లలో ఆడవాళ్లు డబ్బులు చేరినప్పుడల్లా అరగ్రాము, గ్రాము బంగారం తీసుకున్నట్టు.

ఇంతవరకూ వింటే ఇన్‌సైడర్ల పక్షమే గెలిచినట్టుంది కదా. కానీ 2022లో కంపెనీ జారీ చేయగల షేర్ల పరిమితిని సుమారు 77.5 లక్షల నుంచి 4.65 కోట్లకు పెంచాలని బోర్డు ప్రతిపాదించింది. అలా పెంచితే రేపు కొత్త షేర్లు ముద్రించి ఆస్తులు కొంటారని, మన వాటా పలచబడుతుందని హొరైజన్, సాఫ్ట్‌వెస్ట్ వ్యతిరేకంగా ఓటేశాయి. కంపెనీ వాళ్లమీదే దావా వేసింది. రాజీ ఒప్పందంలో మీరు బోర్డు సిఫారసు ప్రకారం ఓటేస్తామని సంతకం పెట్టారు కదా అన్నది వాదన. 2023 డిసెంబరులో, కంపెనీ నమోదైన డెలావేర్ రాష్ట్రంలోని కోర్టు కంపెనీ మాటే నిలబెట్టింది, 2024 ఫిబ్రవరిలో పై కోర్టు కూడా అదే అంది. ఇది చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది. అంత వాటా ఉండి, సొంత డబ్బు పెట్టి, చివరికి ఓటు తమ ఇష్టప్రకారం వేయలేకపోయారు. అప్పటినుంచి నేను శాతం చూశాక ఇంకో ప్రశ్న కూడా వేసుకుంటాను, ఆ ఓటుకు ఏదైనా ఒప్పందం అడ్డుందా అని.

ఇన్‌స్టిట్యూషన్ల సంగతి. వాన్‌గార్డ్, బ్లాక్‌రాక్, స్టేట్ స్ట్రీట్ లాంటి పెద్ద ఫండు సంస్థలు ఎక్కువగా ఇండెక్స్ ఫండ్ల కోసం, అంటే ఒక సూచీలో ఉన్న షేర్లన్నీ కొనే ఫండ్ల కోసం కొంటాయి. టెక్సాస్ పసిఫిక్ ట్రస్టుగా ఉన్నంతకాలం ఎస్ అండ్ పీ 500 అనే అమెరికా పెద్ద కంపెనీల సూచీలోకి వచ్చే దారే లేదు, ఎందుకంటే ఆ సూచీ పార్ట్‌నర్‌షిప్‌లనూ (కొన్నవాళ్లు షేరుదారులు కాకుండా భాగస్వాములయ్యేవి) రాయల్టీ ట్రస్టులనూ చేర్చుకోదు. కార్పొరేషన్ అయ్యాక 2024 నవంబరు 26న చేరింది. ఆ రోజు కొన్న ఫండ్లు చమురు మీద నమ్మకంతో కొనలేదు, జాబితాలో ఉంది కాబట్టి కొన్నాయి. రేపు జాబితాలోంచి తీసేస్తే అంతే తొందరగా అమ్మేస్తాయి కూడా. అట్లని వాటిని తీసిపారేయలేం. జీతాలు మరీ ఎక్కువ తీసుకుంటే వ్యతిరేకంగా ఓటేస్తాయి, రోజూ అమ్మకం కొనుగోలు బాగా జరుగుతుంది కాబట్టి మనం బయటపడాలన్నప్పుడు ఇబ్బంది ఉండదు. బోర్డు తప్పు చేస్తే ముందు అడిగేది వాళ్లేనని మాత్రం నాకు నమ్మకం లేదు, వాళ్ల చేతిలో ఇలాంటివి వేలల్లో ఉంటాయి. అసలు హొరైజన్ కూడా ఇన్‌స్టిట్యూషనే కదా అని మీరు అడగొచ్చు. అవును, అందుకే ఈ రెండు డబ్బాల్లో ఎవరిని ఎందులో వేయాలన్నది యాప్‌లు కూడా ఒక్కోటి ఒక్కోలా చూపిస్తాయి.

ఇన్‌స్టిట్యూషన్ల వాటా తక్కువుందని కంపెనీని అనుమానించడం కూడా తప్పు. డోర్చెస్టర్ మినరల్స్, బ్లాక్ స్టోన్ మినరల్స్ అనే రాయల్టీ కంపెనీలు పార్ట్‌నర్‌షిప్‌లు. మామూలు మ్యూచువల్ ఫండు తన ఆస్తిలో నాలుగో వంతుకు మించి ఇలాంటి వాటిలో పెట్టకూడదన్న నిబంధన ఉంది, పన్ను కాగితాల తలనొప్పి వేరే. అందుకని పెద్ద ఫండ్లు దూరంగా ఉంటాయి, కంపెనీ బాగాలేక కాదు. మనకు కూడా ఆ తలనొప్పి ఉంది. మామూలు అమెరికా కంపెనీ డివిడెండ్ మీద మన దేశస్థులకు 25 శాతం కోస్తారు, పార్ట్‌నర్‌షిప్ అయితే పంపిణీల మీద 37 శాతం, 2023 నుంచి అమ్మినప్పుడు వచ్చిన మొత్తం మీద 10 శాతం కూడా. తమ్ముడికి ఇది తెలియదు, చెప్పగానే రెండు పేర్లు లిస్టులోంచి తీసేశాడు.

మూడో రకం ఒకటుంది, నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది అదే. మాతృ కంపెనీ. వైపర్ ఎనర్జీ అనే రాయల్టీ కంపెనీని డైమండ్‌బ్యాక్ 2014లో మార్కెట్లోకి తెచ్చింది, ఇప్పటికీ పెద్ద వాటా దానిదే. యాప్‌లో ఈ వాటా చూసి ఇన్‌సైడర్లు భారీగా ఉన్నారు, భలే అనుకుంటాం. మన దేశంలో ప్రమోటరు వాటా 75 శాతం దాకా ఉండే కంపెనీలు చూసి పెరిగినవాళ్లం కాబట్టి ఆ అలవాటు సహజం. కానీ డైమండ్‌బ్యాక్ బావులు తవ్వే కంపెనీ. ఎక్కడ ముందు తవ్వాలో దానికి తెలుసు, వైపర్ భూముల్లో తవ్వితే వైపర్‌కు లాభం, అది మంచిదే. అదే డైమండ్‌బ్యాక్ తన దగ్గరున్న ఖనిజ హక్కులను వైపర్‌కు అమ్ముతుంది కూడా. 2025లో డైమండ్‌బ్యాక్ కొన్న ఎండెవర్ అనే చమురు కంపెనీ హక్కులను అలాగే 445 కోట్ల డాలర్ల ఒప్పందంలో, అందులో 100 కోట్లు నగదుగా, మిగతాది వాటాలుగా ఇచ్చి తీసుకుంది వైపర్. అమ్మేవాడూ కొనేవాడి ఇంట్లో పెద్దమనిషీ ఒక్కరే అయితే ధర ఎట్లా తేలుతుందో మనకు తెలుసు, అన్నదమ్ముల పొలం పంపకాల్లో చూసిందే. స్వతంత్ర డైరెక్టర్లు చూస్తారు, పరిశీలిస్తారు, నిజమే. అయినా నేను ఈ రకం వాటాను మా అత్త లెక్కలో వేయను. అది గనివాడు భూమిలో కూడా వాటా తీసుకున్నట్టు, ఒక చేత్తో తవ్వుతూ ఇంకో చేత్తో లెక్క రాసుకునేవాడు.

కాబట్టి నా వరస ఇది. సొంత డబ్బుతో కొని, ఓటు చేతిలో పెట్టుకున్న ఇన్‌సైడర్లు ముందు. తర్వాత ఏళ్ల తరబడి పట్టుకుని ప్రశ్నలడిగే ఇన్‌స్టిట్యూషన్. దాని తర్వాత చేతులు కట్టేసిన ట్రస్టు. మాతృ కంపెనీ, ఇండెక్స్ ఫండు నాకు దాదాపు ఒకటే స్థాయి. మొత్తం జీతంగా వచ్చిన షేర్లే ఉన్న మేనేజర్లు అన్నిటికంటే కింద, ఎందుకంటే ధర పడినా వాళ్ల జేబులోంచి పోయేదేమీ లేదు.

ఇవి చూడటం కష్టం కాదు. అమెరికాలో డైరెక్టరు, పెద్ద అధికారి, 10 శాతం మించి ఉన్నవాడు కొన్నా అమ్మినా రెండు పనిదినాల్లో ఫారం 4 దాఖలు చేయాలి. అందులో ఒక అక్షరం ఉంటుంది. పి అంటే మార్కెట్లో కొన్నాడు, ఎస్ అంటే అమ్మాడు, ఏ అంటే కంపెనీ ఇచ్చింది. నేను పి తప్ప దేన్నీ లెక్కలోకి తీసుకోను. ఇన్‌స్టిట్యూషన్ల వివరాలు మాత్రం పాతబడి వస్తాయి. త్రైమాసికం ముగిశాక 45 రోజుల దాకా గడువుంది, కాబట్టి యాప్‌లో మీరు చూసే శాతం నెలన్నర కిందటి సంగతి అయ్యుండొచ్చు. కొన్నిసార్లు 100 శాతం దాటి కనిపిస్తే కంగారు పడొద్దు, ఒకరు అప్పుకిచ్చిన షేర్లను షార్ట్ చేసినవాడు (ధర పడుతుందని అరువు షేర్లు అమ్మేవాడు) ఇంకొకరికి అమ్మితే ఇద్దరి లెక్కలోనూ అవే కనిపిస్తాయి. మన దగ్గర త్రైమాసికం అయిన 21 రోజుల్లో వాటాల పట్టిక వచ్చేస్తుంది, తాకట్టు పెట్టిన షేర్లెన్నో కూడా అందులోనే ఉంటాయి. ఈ విషయంలో మన పద్ధతే నాకు నచ్చుతుంది.

తమ్ముడు ఇంకా కొన్నాడో లేదో చెప్పలేదు. ఫారం 4లు మాత్రం వరసగా వాట్సాప్‌లో పంపిస్తున్నాడు. నిన్న రాత్రి వచ్చినదాంట్లో ఒక డైరెక్టరు షేర్లు తగ్గాయని టెన్షన్ పడుతూ రాశాడు. తెరిచి చూస్తే కోడ్ ఎఫ్ ఉంది. అది మార్కెట్లో అమ్మకం కాదురా, జీతంగా వచ్చిన షేర్ల మీద పన్నుకు కోసుకున్నది, వదిలేసి పడుకో అని రాశా.