నా ఎయిర్ పిస్టల్: తొమ్మిదేళ్లు, 270 డబ్బాల గుళ్ల తర్వాత

2024 జూలైలో పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం గెలిచాక, విజయవాడలో నేను ప్రాక్టీస్ చేసే షూటింగ్ రేంజ్‌కి కొత్త పిల్లల రాక పెరిగింది. వాళ్ల నాన్నలు ముందు ధర అడుగుతారు. ఆ వెంటనే, ‘బ్యారెల్ ఎన్నాళ్లొస్తుందండీ?’ అంటారు.

నా లెక్క ఇది. వారానికి నాలుగు రోజులు, రోజుకి 80 షాట్లు. సెలవులు పోను ఏడాదికి 500 గుళ్ల డబ్బాలు 30 అవుతాయి. 2016లో పోటీలకి వాడే ఈ మ్యాచ్ పిస్టల్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొన్న దగ్గర్నుంచి దాదాపు 1,35,000 షాట్లు. (ఖాళీ డబ్బాలు ముచ్చటగా ఉన్నాయని అమ్మ ఒకదాంట్లో ఆవాలు పోసింది. గుళ్లు సీసంవి, ఆ పొడి ఒంటికి మంచిది కాదని చెప్పి ఆవాలతో సహా పారేయించాను. అమ్మకి ఆ కోపం ఇంకా పోలేదు.)

బ్యారెల్‌కి ఏమీ కాలేదు. ఎందుకు అరుగుతుంది? గుండు మెత్తటి సీసం, వెనక తోసేది చల్లటి గాలి, వేగం సెకనుకి 150 మీటర్ల చిల్లర. మందుగుండు పిస్టల్ సంగతి వేరు. అక్కడ మంట, వేడి గ్యాసు, రాగి తొడుగున్న బుల్లెట్ కలిసి బ్యారెల్ లోపలి మెలికల గాడుల్ని తినేస్తాయి. అయినా ఆ బ్యారెళ్లు వేల రౌండ్లకి తట్టుకుంటాయి.

‘మరి ప్లాస్టిక్ బాడీ?’ అంటారు. ప్లాస్టిక్ ఫ్రేము పిస్టల్ 1970లోనే జర్మనీలో వచ్చింది. జనం నమ్మింది మాత్రం 1980ల్లో ఆస్ట్రియా వాళ్ల గ్లాక్ వచ్చాకే. అందులోనూ స్లైడ్ (పేల్చినప్పుడల్లా వెనక్కీ ముందుకీ కదిలే పైభాగం) జారేది ప్లాస్టిక్ మీద కాదు, ఫ్రేములో పొదిగిన ఉక్కు పట్టాల మీద. మనలాంటివాళ్లకి గ్లాక్ లాంటి 9 ఎం.ఎం. పిస్టల్‌కి లైసెన్సు ఎలాగూ రాదు కాబట్టి నా అనుభవం నా మొదటి పిస్టల్‌తోనే. 2013లో కొన్న ప్లాస్టిక్ బాడీ, గ్యాస్ గొట్టం పెట్టే రకం. రోహిణి కార్తెలో గ్యాస్ ప్రెషర్ పెరిగి గుళ్లు పైకి పోయేవి. వాషర్లు రెండుసార్లు మార్చాను. బాడీ మీద మాత్రం ఒక్క పగులు లేదు.

దాని అసలు పరీక్ష 2024 సెప్టెంబరు 1న. బుడమేరు పొంగి సింగ్ నగర్‌లో మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. మ్యాచ్ పిస్టల్ అటక మీద ఉంది, బతికింది. పాతది మంచం కింద పెట్టెలో ఐదు రోజులు బురదనీళ్లలో నానింది. సబ్బుతో కడిగితే ప్లాస్టిక్ కొత్తదానిలా మెరిసింది. బ్యారెల్ లోపల మాత్రం తుప్పు గుంటలు. ఇప్పుడు ఆరు మీటర్ల నుంచి కొట్టినా గుళ్లు పిడికిలంత మేర చెదిరిపోతాయి. పదకొండేళ్ల షాట్లు చెయ్యలేనిది ఐదు రోజుల నీళ్లు చేశాయి.

మ్యాచ్ పిస్టల్‌కీ నీటి గండం తప్పలేదు, దానికి కారణం నేనే. మొదటి రెండేళ్లు దాని సిలిండర్‌లోకి చేత్తో కొట్టే పంపుతో గాలి నింపాను. మన కృష్ణ ఒడ్డు ఉక్కలో గాలితో పాటు తేమ కూడా లోపలికి పోతుంది. సర్వీసుకి విప్పినప్పుడు సీలు పక్కన తుప్పు మరకలు కనిపించాయి. అప్పటినుంచి రేంజ్‌లో పెద్ద సిలిండర్ నుంచి పొడిగాలే పట్టిస్తున్నాను. ఇక సిలిండర్ మీద తయారీ తేదీ ఉంటుంది. నాదానికి పదేళ్లే గడువు. గడువు దాటితే మ్యాచ్‌కి పనికిరాదు, తేదీ చూసుకోవాల్సిన బాధ్యత షూటర్‌దే. నాది 2014 తయారీ, నిరుడు కొత్తది కొన్నాను. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు బ్యారెల్లోకి టార్చి వేసి చూస్తారు గానీ ఈ తేదీ చదవరు.

శుభ్రం చెయ్యడం కూడా అతి పనికిరాదు. రెండు డబ్బాలకోసారి నాలుగు ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) ముక్కలు దూర్చి తీస్తే చాలు. ఇనుప ఊచ పెట్టి తోమితే మూతి అంచు దెబ్బతింటుంది. ఆ అంచు పోతే బ్యారెల్ పోయినట్టే.

ఈ ఏడాది మొదట్లో నా స్కోరు 600కి 560 నుంచి 545కి జారింది. బ్యారెల్ అరిగిందనే టెన్షన్‌తో హైదరాబాద్ తీసుకెళ్లాను. మెకానిక్ కుర్రాడు దాన్ని వైస్‌లో బిగించి పది మీటర్ల నుంచి ఐదు గుళ్లు కొట్టాడు. ఐదూ ఒకే చిల్లు. టార్గెట్ నడుమ పది పాయింట్ల రింగే 11.5 మిల్లీమీటర్లు, ఆ చిల్లు అందులో సగం కంటే కాస్త ఎక్కువ. పిస్టల్ నా చేతికిచ్చి, ‘సార్, మీ వయసెంత?’ అన్నాడు.

నలభై నాలుగు. తిరిగొచ్చాక గవర్నర్‌పేటలో కళ్లు చూపించుకుంటే చత్వారం అన్నారు. బ్యారెల్ కొసన గురికి వాడే ఫ్రంట్ సైట్ మసకగా ఉంటే ఏ బ్యారెల్ ఏం చేస్తుంది? కళ్లజోడు మార్చాను. మొన్న ఆదివారం 556.