పెసర్లు, పత్తాకు, వయ్యారిభామ: ఏ ప్రాక్టికల్‌కు ఏ టెస్టు మేలు?

డిగ్రీ ఫైనలియర్ బయాలజీ ప్రాజెక్టుల్లో తరచూ జరిగే వరస ఇది: ముందు ప్రయోగం, తర్వాత రీడింగులు, రికార్డు బైండింగుకు ఇచ్చే ముందురోజు సాయంత్రం "దీనికి టి-టెస్టు పెట్టాలా, కై-స్క్వేరా?" అని వెతుకులాట. అప్పటికి చేయి దాటిపోతుంది. గింజలు నానబెట్టక ముందే టెస్టు సగం ఖాయమై ఉంటుంది. ఎన్ని ప్లేట్లు పెట్టారు, ఆకులు ఎట్లా తెంపారు, క్వాడ్రాట్ (మొక్కలు లెక్కించే చదరపు చట్రం) ఎక్కడ వేశారు అన్నవే దాన్ని తేలుస్తాయి.

వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల పెద్ద ఖర్చు లేకుండా చేయగల మూడు ప్రాక్టికల్స్ తీసుకుని, ఒక్కోదానికి పోటీపడే రెండేసి టెస్టులను పక్కపక్కన పెట్టి చూద్దాం. టి-టెస్టు రెండు గుంపుల సగటులను పోలుస్తుంది, కై-స్క్వేర్ లెక్కపెట్టిన సంఖ్యలను. కింది అంకెలు చేత్తో సరిచూసుకోవడానికి వీలుగా అల్లినవి. కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుని చదవండి.

ఉప్పునీళ్లలో పెసర్లు: కై-స్క్వేరా, టి-టెస్టా?

ప్రశ్న మామూలే: నీళ్లలో ఉప్పు ఉంటే మొలక తగ్గుతుందా? 100 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్ కావాలంటే లీటరు ద్రావణానికి 5.84 గ్రాములు. వంటింటి అయోడిన్ ఉప్పు వద్దు, ల్యాబ్ సీసాలోదే వాడాలి. 9 సెం.మీ. పెట్రి ప్లేటు, రెండు ఫిల్టర్ పేపర్లు, 5 మి.లీ. ద్రావణం. అంతకు మించి పోస్తే గింజ నీళ్లలో మునిగి ఊపిరాడక కుళ్లుతుంది, ఆ నేరం ఉప్పు మీదికి పోతుంది. విత్తనాల షాపులో దొరికే ప్యాకెట్ గింజలకు తరచూ రంగు మందు పట్టించి ఉంటుంది కాబట్టి మందు తగలని పెసర్లే తెచ్చుకుని, 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో మూడు నిమిషాలు ఉంచి, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడగాలి. పెసర్లలో ఎంత నానినా ఉబ్బని రాతి గింజలు కొన్ని ఉంటాయి. అన్నీ ఒకే సంచిలోంచి తీసి బాగా కలిపితే అవి రెండు వైపులా సమంగా పడతాయి. వేరు 2 మి.మీ. బయటికొస్తేనే మొలక కింద లెక్క.

మన ఎండల్లో ఇంకో చిక్కు ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ల్యాబ్‌లో పేపరు ఒక్కరోజులోనే ఆరిపోతుంది. ఆరింది కదా అని మళ్లీ ఉప్పునీళ్లే పోస్తారు. ఆవిరైంది నీళ్లు మాత్రమే, ఉప్పు ప్లేటులోనే ఉంది. మళ్లీ ఉప్పు పోస్తే 100 కాస్తా 150 అవుతుంది, అదీ కిటికీ దగ్గరి ప్లేటులో ఒకరకంగా, మూలనున్న దానిలో ఇంకోరకంగా. తగ్గినంత మేర డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, లేదా ప్లేటు అంచును టేపుతో మూసేయాలి.

ఇక ఫలితం. ఉప్పు లేనివి నాలుగు ప్లేట్లు, ఉప్పువి నాలుగు, ప్లేటుకు 25 గింజలు. ఉప్పు లేని ప్లేట్లలో మొలిచినవి 24, 23, 23, 22. మొత్తం వందకు 92. ఉప్పు ప్లేట్లలో 23, 21, 19, 17. మొత్తం వందకు 80.

కై-స్క్వేర్ అయితే 92, 8, 80, 20 అని రెండు రెళ్ల పట్టిక వేస్తాం. విలువ 5.98. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (స్వేచ్ఛగా మారగల అంకెల సంఖ్య) 1కి, 5 శాతం దగ్గర టేబుల్ వాల్యూ, అంటే దాటాల్సిన గడప, 3.84. విలువను కాస్త తగ్గించే యేట్స్ సవరణ పెట్టినా 5.02 వస్తుంది. తేడా సిగ్నిఫికెంట్ (ఏదో యాదృచ్ఛికంగా వచ్చిందని కొట్టేయలేనిది), రికార్డు మూసేయొచ్చు.

అవే గింజలకు టి-టెస్టు పెట్టి చూడండి. ప్లేటుకు సగటు ఒకవైపు 23, ఇంకోవైపు 20. సగటుల తేడా 3, దాని స్టాండర్డ్ ఎర్రర్ (ఆ తేడా ఎంత ఊగిసలాడగలదో చెప్పే కొలత) 1.354, టి విలువ 2.22. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 6కి టేబుల్ వాల్యూ 2.447. సిగ్నిఫికెంట్ కాదు. పైగా ఉప్పు ప్లేట్ల మధ్య చెదురు మిగతావాటికన్నా పది రెట్లు (వేరియన్స్ 6.67, 0.67) కాబట్టి న్యాయంగా వెల్చ్ పద్ధతి (వేరియన్స్‌లు సమానం కానప్పటి టి-టెస్టు) వాడాలి. అప్పుడు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 3.6కి పడిపోయి గడప ఇంకా ఎత్తవుతుంది.

ఒకే గింజలకు రెండు తీర్పులు. ఏది నమ్మాలి? కై-స్క్వేర్ 200 గింజలనూ 200 వేర్వేరు సాక్ష్యాలుగా తీసుకుంది. కానీ 25 గింజలు ఒకే ప్లేటులో, ఒకే తడిలో, ఒకే బూజు పక్కన పడుకున్నాయి. ఒక ప్లేటు ఆరిపోతే 25కు 25 దెబ్బతింటాయి. అవి 25 సాక్ష్యాలు కావు, 25 నోళ్లతో మాట్లాడే ఒకే సాక్షి. ఇక్కడ యూనిట్ ప్లేటు. కాబట్టి నా ఓటు ప్లేట్ల మీద పెట్టిన టి-టెస్టుకే, ఫలితం నచ్చకపోయినా సరే.

నచ్చేలా చేసే దారి టెస్టు మార్చడం కాదు, ప్లేట్లు పెంచడం. అవే వంద గింజలను పదేసి చొప్పున పది ప్లేట్లలో పెడితే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 18 అవుతుంది, టేబుల్ వాల్యూ 2.101కి దిగుతుంది, సగటు కూడా గట్టిపడుతుంది. పెట్రి ప్లేట్లు చాలకపోతే మూతున్న ప్లాస్టిక్ డబ్బాలు పనికొస్తాయి, అన్నీ ఒకే సైజువైతే చాలు. ఉప్పువీ ఉప్పు లేనివీ ఒకటి విడిచి ఒకటి పేర్చి, రోజూ చోటు మార్చాలి.

కై-స్క్వేర్ పెట్టేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు వేరే ఉంది: శాతాలు వేయడం. 25కు 23, 25కు 20 మొలిస్తే "92 శాతం, 80 శాతం" అని రాసి అవే అంకెలు పట్టికలో పెడతారు. అసలు అంకెలతో విలువ 1.495. శాతాలతో 5.98. సరిగ్గా నాలుగింతలు, ఎందుకంటే 25 గింజలను 100 అని అబద్ధం చెప్పాం. కై-స్క్వేర్‌కు లెక్కపెట్టిన తలకాయలే కావాలి. ఈ చిన్న పట్టికలో ఇంకో లోపమూ ఉంది. మొలవని గింజల ఎక్స్‌పెక్టెడ్ విలువ 3.5 మాత్రమే. 5 కన్నా తక్కువైతే ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్టుకు పోవాలి.

మరి కై-స్క్వేర్ ఎక్కడ మేలు? ఒక్కో ప్రాణి విడిగా నిర్ణయం తీసుకునే చోట. బియ్యంలోని ముక్కపురుగులు వెలుతురు వైపు పోతాయా, చీకటి వైపా అని చూసే ప్రయోగానికి అది చక్కగా సరిపోతుంది. ఒక్కో పురుగునే వదలాలి. ఇరవై ఒకేసారి వదిలితే మగ పురుగులు వదిలే వాసనకు మిగతావి చేరతాయి, మళ్లీ ఇరవై నోళ్లూ ఒకే సాక్షివి అవుతాయి.

పత్తాకు పత్రరంధ్రాలు: జత టి-టెస్టా, మామూలు టి-టెస్టా?

వరంగల్ పక్క పత్తి చేనుకు కరువు లేదు. పత్తాకుకు రెండు వైపులా పత్రరంధ్రాలు ఉంటాయి, అడుగు వైపు ఎక్కువ. రంగులేని నెయిల్ పాలిష్‌ను నడిమి ఈనెకు దూరంగా పలచగా పూసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, సెల్లోటేపుతో లేపి స్లైడు మీద అతికించాలి. మందంగా పూస్తే పగుళ్లు పడతాయి. నూగు ఎక్కువున్న ఆకైతే పొర చిరుగుతుంది, నూగు తక్కువ రకం చూసుకోవాలి. 40 రెట్ల ఆబ్జెక్టివ్, 18 ఫీల్డ్ నంబర్ ఐపీస్ అయితే కనబడే వలయం వ్యాసం 0.45 మి.మీ., వైశాల్యం 0.159 చదరపు మి.మీ.

ఆరు మొక్కల నుంచి ఆరు ఆకులు, ఒక్కో వైపు మూడు చోట్ల లెక్కించిన సగటు అనుకుందాం. పైవైపు 14, 22, 9, 18, 12, 15. అదే వరసలో అడుగువైపు 19, 26, 16, 21, 18, 20. సగటులు 15, 20.

మామూలు టి-టెస్టు: టి 2.15, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 10కి గడప 2.228. వెంట్రుకవాసిలో తప్పిపోయింది. జత టి-టెస్టు: ఆకు ఆకుకూ తేడా 5, 4, 7, 3, 6, 5. సగటు 5, స్టాండర్డ్ డీవియేషన్ 1.41, టి 8.66, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 5కి గడప 2.571. అనుమానమే లేదు.

లేత ఆకు, ముదురు ఆకు, నీడపట్టు ఆకు అంటూ ఆకుకూ ఆకుకూ మధ్య ఉన్న తేడానే మామూలు టెస్టులో రొద. జత కలిపితే ఆ రొద కొట్టుకుపోయి, ఒకే ఆకు రెండు ముఖాల తేడా మిగులుతుంది. ఇక్కడ జత టెస్టే, రెండో మాట లేదు. మెట్లెక్కక ముందు, ఎక్కిన తర్వాత ఒకే మనిషి నాడి చూసే ప్రాక్టికల్‌కూ ఇదే.

అయితే జత నిజంగా ఉండాలి. వేపచెట్టు ఒకటో ఆకుకు, కానుగ ఒకటో ఆకుకు క్రమసంఖ్య తప్ప చుట్టరికం లేదు. నోట్‌బుక్‌లో ఒకే గీత మీద రాసినంత మాత్రాన జత కాదు.

వయ్యారిభామ: టి-టెస్టా, మాన్-విట్నీయా?

తొలకరి తర్వాత నర్సంపేట రోడ్డు పక్కనైనా, పరకాల రోడ్డు పక్కనైనా వయ్యారిభామ తోటలా లేస్తుంది. పొలం గట్ల కన్నా రోడ్డు పక్కనే ఎక్కువా? మీటరు చదరపు క్వాడ్రాట్‌కు నాలుగు పీవీసీ పైపు ముక్కలు, నాలుగు ఎల్బోలు చాలు. దాన్ని వీపు వెనక్కి విసిరితే ర్యాండమ్ అయిపోతుందన్నది భ్రమ. చేయి తెలియకుండానే పచ్చగా ఉన్న వైపు తిరుగుతుంది. 50 మీటర్ల టేపు పరిచి, కాలిక్యులేటర్ ర్యాండమ్ మీట ఇచ్చిన దూరంలో పెట్టాలి. చేతులకు గ్లవ్స్ మరవద్దు, ఈ మొక్క చర్మానికి దురద, దద్దుర్లు తెస్తుంది.

గట్టు మీద ఎనిమిది చోట్ల 0, 1, 0, 2, 0, 3, 1, 0. రోడ్డు పక్కన 4, 2, 6, 3, 41, 5, 2, 7.

చూస్తేనే తేడా కనబడుతోంది. టి-టెస్టుకు మాత్రం కనబడదు: టి 1.69, గడప 2.145. కారణం ఆ 41. అది సగటును 8.75కి ఎగదోసింది గానీ, చెదురును అంతకన్నా ఎక్కువ పెంచింది. ఆ 41 చోట 8 ఉండి ఉంటే టి దాదాపు 4.2 అయ్యేది! రోడ్డు పక్కన మొక్కలు తగ్గితే తేడా బలపడిందని చెప్పే టెస్టు ఇక్కడ పనికిరాదు. అట్లాగని 41ని కొట్టేయడం మోసం. అక్కడ నిజంగానే 41 మొక్కలున్నాయి.

మాన్-విట్నీ అంకె ఎంతని అడగదు, వరసలో ఎక్కడ నిలబడిందని అడుగుతుంది. దానికి 41 అయినా 8 అయినా ఒకటే: అన్నిటికన్నా పెద్దది. గట్టు మీది ఒక్కో అంకె రోడ్డు పక్కవి ఎన్నింటిని దాటిందో లెక్కించండి, సమానమైతే అర. గట్టు 2కి రెండు సమానాలు, అంటే 1. గట్టు 3కి రెండు గెలుపులు, ఒక సమానం, అంటే 2.5. మిగతావాటికి సున్నా. యు విలువ 3.5. ఎనిమిదికి ఎనిమిది ఉన్నప్పుడు టేబుల్ వాల్యూ 13. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: మిగతా టెస్టుల్లో మన విలువ టేబుల్ కన్నా పెద్దదైతే సిగ్నిఫికెంట్, యు మాత్రం టేబుల్ విలువకు సమానమో, చిన్నదో అయితేనే. 3.5 కాబట్టి తేడా ఉంది. రికార్డులో సగటులకు బదులు మీడియన్లు (వరసలో నడిమి విలువలు) రాయాలి: 0.5, 4.5.

అట్లాగని అన్నిటికీ మాన్-విట్నీ పెట్టేయకండి. మూడుకు మూడు రీడింగులుంటే, మూడు అంకెలూ మిగతా మూడింటినీ చిత్తుగా దాటినా పి విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కనబడే అవకాశం) 0.1 కన్నా కిందికి రానే రాదు. నాలుగుకు నాలుగైతే 0.029 వరకు దిగగలదు, అదీ ఒక్క అంకె కూడా తారుమారు కాకపోతేనే. ఇంత తక్కువ రీడింగులున్న చోట అంకెలు ఒద్దికగా ఉంటే టి-టెస్టే దిక్కు. 1908లో "స్టూడెంట్" అన్న కలం పేరుతో దాన్ని ప్రచురించిన గాసెట్ డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. ఆయన బాధ కూడా సరిగ్గా ఈ చిన్న శాంపిళ్లదే. విద్యార్థుల కోసం పెట్టిన టెస్టు కాబట్టి ఆ పేరు అని వైవాలో చెప్పకండి.

ఎక్సెల్‌లో చేస్తే

టి-టెస్టు ఫార్ములాలో చివరి అంకెలోనే అంతా ఉంది: 1 అంటే జత, 2 అంటే సమాన వేరియన్స్, 3 అంటే వెల్చ్. పత్తాకుకు 1, పెసర్లకు 3. దాని ముందున్న అంకె 2గా ఉంచాలి. ఫలితం చూసి దాన్ని 1 చేస్తే పి విలువ సగమవుతుంది, అది పేకాటలో ముక్క మార్చడమే. కై-స్క్వేర్ ఫార్ములాకు ఎక్స్‌పెక్టెడ్ పట్టిక మనమే కట్టి ఇవ్వాలి, అది తిరిగిచ్చేది కై-స్క్వేర్ విలువ కాదు, పి విలువ. మాన్-విట్నీకి ఎక్సెల్‌లో ఫార్ములా లేదు, చేత్తో చేయడమే తేలిక. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు దాన్ని విల్కాక్సన్ పేరుతో వెతకాలి.

ఇక పెసర్ల రికార్డులో ఆఖరి వాక్యం. "ఉప్పు వల్ల మొలకలో తేడా లేదు" అని రాస్తే తప్పు. 92కి, 80కి మధ్య తేడా కళ్లముందే ఉంది. "నాలుగేసి ప్లేట్లతో చేసిన ఈ ప్రయోగం తేడాను నిరూపించలేకపోయింది, వెల్చ్ టి 2.22, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 3.6, పి 0.05 కన్నా ఎక్కువ" అని రాయాలి. దాని కిందే ఎనిమిది ప్లేట్ల విడి అంకెలూ పెట్టేస్తే, ఎక్స్‌టర్నల్‌గా వచ్చినవారు అడగబోయే మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంటుంది.